ఏడు కప్పుల మిషను

నాగరత్నానికి ఎనిమిది మందికి పెరుగు తోడు పెట్టడం వచ్చు, ఒక్కరికి పెట్టడం రాదు. ఈ సంగతి ఆవిడకి యాభై మూడో ఏట, రాజమండ్రిలో, తిలక్ రోడ్డు పక్క సందులో కొత్తగా దిగిన ఫ్లాటులో, అర లీటరు పాల ముందు నిలబడి ఉండగా తెలిసింది.

రామచంద్రపురంలో ఉన్నన్నాళ్లూ రోజుకి మూడు లీటర్ల గేదె పాలు. పొయ్యి మీంచి గిన్నె దింపి, వేలు ముంచి, వేలు ఒప్పుకునేదాకా ఆగి, ఇంత తోడు వేసి తిప్పి మూత పెట్టేస్తే తెల్లారేసరికి గిన్నె వంచినా కదలని గడ్డ. "ఇంత" అంటే ఎంతని ఎవరూ అడగలేదు, ఆవిడా ఆలోచించలేదు. కొలత చేతిలోనే ఉండేది. కానీ అది మూడు లీటర్ల చెయ్యి. అర లీటరు చూసేసరికి, పెళ్లిళ్ల వంటవాణ్ని పిలిచి చంటిపిల్లకి ఉగ్గు కలపమన్నట్టయింది దానికి. మొదటి నెల తోడు ఎక్కువై పెరుగు పులిసి నాలుక జివ్వుమంది. రెండో నెల భయపడి తగ్గిస్తే పాలు పాలలాగే కూర్చుని ఆవిడ మొహంలోకి చూశాయి. మూడో నెలకి చలి ముదిరింది, గోదావరి మీంచి గాలి కూడా తోడైంది. పైన నీళ్లు, కింద ముక్కలు.

ఇక పెరుగు ప్యాకెట్టు కొనుక్కుంది. "పెరుగు కొనుక్కునే ఖర్మ మనకేం పట్టింది?" అనే మాట ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు వినపడింది. ఎక్కువసార్లు అన్నది ఆవిడే. అందుకని ఖాళీ ప్యాకెట్టుని న్యూస్‌పేపర్లో చుట్టి మరీ చెత్తబుట్టలో వేసేది, పొద్దున్నే చెత్త తీసుకెళ్లే వాచ్‌మన్ భార్య రూతు చూస్తుందని. రూతు వాళ్లదీ ప్యాకెట్ పెరుగే. అయినా సరే.

రత్నం పెళ్లి చేసుకోలేదు. చేసుకోనని ఎప్పుడూ అనలేదు. సంబంధాలు చూస్తుండగా అమ్మ పోయింది. అమ్మ వంటిల్లు చూసుకుంటుండగా తమ్ముళ్ల పెళ్లిళ్లు వచ్చాయి. ఆ పెళ్లిళ్లకి వంటవాళ్లని మాట్లాడుతుండగా తన సంగతి అడిగేవాళ్లు అడగడం మానేశారు. ఇద్దరు తమ్ముళ్లు, ఇద్దరు మరదళ్లు, ముగ్గురు పిల్లలు. ముందు కిరాణా కొట్టు, వెనకాల ఇల్లు. ఈ ఏడాదే కొట్టూ ఇల్లూ కలిపి అమ్మేశారు. పెద్ద తమ్ముడు మురళీకృష్ణ భీమవరం వెళ్లి ఐసు ఫ్యాక్టరీలో వాటాదారయ్యాడు. చిన్న తమ్ముడు ప్రసాదు పిల్లల చదువులని విశాఖపట్నం చేరాడు. ఎవరికీ ఎవరితోనూ తగువు లేదు. తగువుంటే కనీసం ఫోన్లు చేసుకోవడానికి ఓ కారణం ఉండేది.

"ఆర్నెల్లు మా దగ్గర, ఆర్నెల్లు వాళ్ల దగ్గర ఉండక్కా" అన్నారిద్దరూ. మనస్ఫూర్తిగానే అన్నారు.

"నేనేమన్నా ఆర్టీసీ బస్సునట్రా, డిపోలు మారడానికి?" అంది రత్నం. తను బీఏ చదివిన ఊరు కదా అని రాజమండ్రిలో ఫ్లాటు తీసుకుంది. "అపార్ట్‌మెంటంటే చుట్టూ మనుషులే. నాకు తోచకపోవడమేంటి?" అని కూడా అంది.

మనుషులున్న మాట నిజమే. లిఫ్టులో కనిపిస్తారు. ఫోన్లు చూసుకుంటూ ఉంటారు.

పెరుగు కష్టాలు విని, ప్రసాదు కూతురు హరిచందన విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. "అత్తా, మూడు లింకులు పంపాను చూశావా? ఒకటి లీటరు గిన్నెది, ఒకటి ఏడు కప్పులది, ఒకటి సింగిల్ కప్పుది. నీకు సింగిల్ కప్ చాలత్తా, ఒక్కదానివేగా."

"పెరుగుకి కరెంటేంటే? మన గోదావరి జిల్లాలో మే నెలలో పాల వంక చూస్తేనే తోడుకుంటాయి."

"ఇది డిసెంబరత్తా. రివ్యూలు చదువు. సింగిల్ కప్పు దానికి ఫోర్ పాయింట్ త్రీ."

ఫోన్ పెట్టేశాక రత్నం ఆ బొమ్మ చూసింది. తెల్లగా, గుండ్రంగా, మధ్యలో ఒకే ఒక్క కప్పు. ఆస్పత్రిలో మాత్రలు పోసి ఇచ్చే కప్పులా ఉంది. కింద ఇంగ్లీషులో, ఒంటరిగా ఉండేవారికి చక్కగా సరిపోతుందని రాశారు.

"నీ సంబడం" అని ఫోను బోర్లించింది.

మర్నాడు మెయిన్ రోడ్డులో మిక్సీలూ గ్రైండర్లూ అమ్మే పెద్ద కొట్టుకి తనే వెళ్లింది. అక్కడ జయపాల్ అనే సేల్స్‌మన్ ఉన్నాడు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో నాలుగు పెన్నులు. ఏ వస్తువునైనా పురిటి బిడ్డని ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి చూపిస్తాడు.

"రండమ్మా, రండి. పెరుగు మిషనాండి? ఇంట్లో ఎంతమందండి?"

ముప్పై ఏళ్లు రెండు పూటలా కంచాలు లెక్కపెట్టిన నోరది. ఆవిడ ఆలోచించేలోపే జవాబు చెప్పేసింది.

"ఏడుగురండి."

అబద్ధమాడదామని కాదు. వెంటనే దిద్దుకోవచ్చు కూడా. కానీ పక్కనే మిక్సీ బేరం చేస్తున్న కొత్త జంట ఇటు తిరిగారు. ఆ అమ్మాయి మొగుడి మోచేతిని పొడిచి, "ఏడుగురంట!" అంది, ఏడంతస్తుల మేడ చూసినట్టు. రత్నానికి తెలియకుండానే నడుం నిటారైంది.

"ఉమ్మడి కుటుంబమాండి! అయితే ఇంకో మాట లేదండి, ఏడు కప్పులదే" అన్నాడు జయపాల్. "గిన్నెదైతే గరిటె పెట్టగానే నీరు ఊరిపోద్దండి. కప్పులైతే ఎవరి గడ్డ వాళ్లదే. పిల్లలున్నారాండి?"

"ముగ్గురు. పెద్దది మీగడ కనిపిస్తే కంచం తోసేస్తుంది. మధ్యవాడు మీగడ కోసమే అన్నానికొస్తాడు. వాళ్లిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడితే చాలండి, గొడవుండదు."

ఇదీ నిజమే. కాకపోతే ఎనిమిదేళ్ల కిందటి నిజం. జయపాల్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో రత్నం ఇక ఆగలేదు. మురళికి పెరుగన్నంలో ఆవకాయ ఊట ఉండాలి, ముక్క ఉండకూడదు. పెద్ద మరదలు లోవలక్ష్మికి రాత్రి పెరుగు పడదు, అయినా తింటుంది, తిని తుమ్ముతుంది. ప్రసాదు చివరి ముద్ద కంచంలో వదిలేసి లేచిపోతాడు, చిన్నప్పట్నుంచీ అంతే. మూడు నెలల తర్వాత ఒక మనిషి ఆవిణ్ని ఇంటి సంగతి అడిగాడు. ఇల్లు లేదు గానీ సంగతులన్నీ అలాగే ఉన్నాయి మరి.

"అడ్రస్ చెప్పండమ్మా. రేపు పదకొండింటికి నేనే వచ్చి డెమో చేసి చూపిస్తానండి. ఫ్రీయేనండి."

"అక్కర్లేదండి. పెరుగు తోడు పెట్టడం నాకొచ్చు."

"మీకు రాకపోవడమేంటండి! డెమో అయ్యాకే వారంటీ కార్డు మీద సంతకమండి, రూలు."

మజ్జిగకొచ్చి ముంత దాచేవాళ్ల గురించి విన్నాం. పెరుగు మిషనుకొచ్చి ఏడుగురిని కొంగున ముడేసుకుని ఇంటికెళ్లింది మాత్రం రత్నమే.

మర్నాడు పొద్దున్న లేస్తూనే ఏడు కంచాలు తీసి, కడిగి, నీళ్లోడుతుండగా స్టాండులో పెట్టింది. రెండో గదిలో ఎవరూ పడుకోని మంచం మీద దుప్పటి నలిపింది. గుమ్మం ముందు తన మూడు జతల చెప్పులూ పెట్టి, ఒక జతని ఎవరో తొందరలో విడిచినట్టు అటొకటి ఇటొకటి చేసింది. వెనక్కి నడిచి చూసుకుంది. మూడూ ఆడవాళ్లవే, మూడూ ఒకే సైజు. కలెక్టరాఫీసులో పెట్టిన దొంగ సంతకాల్లా ఉన్నాయి. సరిచేద్దామనుకునేలోపు బెల్లు మోగింది.

జయపాల్ ఆ చెప్పుల పక్కన తన బూట్లు విడుస్తూ ఒక క్షణం ఆగాడు. లోపలికొచ్చాడు. "అందరూ ఏరండి?"

"పెళ్లికెళ్లారండి. ద్రాక్షారం."

అన్నాక నాలిక కరుచుకుంది. ధనుర్మాసం. ఈ నెలలో వాళ్లవాళ్లెవరూ పెళ్లి చెయ్యరు, శుభలేఖ మాట కూడా ఎత్తరు. జయపాల్ మిషను అట్టపెట్టె లోంచి తీస్తూ, తల ఎత్తకుండానే, "అవునండి, మా చర్చిలో కూడా ఈ నెల మూడు పెళ్లిళ్లండి" అన్నాడు.

పాలు కాగాయి, చల్లారాయి. వేలు ముంచి చూసింది రత్నమే. తోడు కొలవడానికి మిషనుతో వచ్చిన చిన్న ప్లాస్టిక్ చెంచా ఒకటుంది, చిటికెన వేలి గోరంత.

"ఇంతేనా?"

"ఇంతేనండి. కప్పుకింతే."

మూడు నెలలుగా ఆవిడ చేతికి తెలియనిది అదే. ఎంత తక్కువ కావాలో.

"మూతల మీద పేర్లు రాసిస్తానండి, పిల్లలు కొట్టుకోకుండా" అంటూ జేబులోంచి నల్ల మార్కరు తీశాడు. "చెరగదండి ఇది. చెప్పండమ్మా."

మురళి, లోవ, ప్రసాదు, దుర్గ, హరి, భాను, పూజిత. ఆవిడ చెప్పింది, అతను గుండ్రంగా రాశాడు. ఏడో మూత అయ్యాక మార్కరుకి టోపీ పెట్టబోయి ఆగాడు.

"మీ పేరేదండి?"

రత్నం మూతల వంక చూసింది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ముప్పై ఏళ్లుగా అంతే. వడ్డించే మనిషి కంచాలు లెక్కపెడుతుంది, తనని లెక్కపెట్టుకోదు. అందరూ లేచాక గిన్నె తనదే.

"నాది గిన్నె అడుగున ఉంటుందండి" అంది.

"కప్పుల్లో అడుగు మిగలదు కదమ్మా" అన్నాడు జయపాల్. అని, ఎక్కువగా అన్నాననుకున్నాడేమో, వారంటీ కార్డు మీద సంతకం పెట్టేశాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ మళ్లీ అన్నాడు. "ఎప్పుడన్నా అందరూ ఊరెళ్తే ఒకటో రెండో కప్పులు పెట్టుకోండమ్మా. ఖాళీ కప్పుల్లో నీళ్లు పోసి కన్నాల్లో పెట్టెయ్యండి. వేడి సమంగా ఉంటదండి."

వంకరగా పడున్న చెప్పుల్ని తొక్కకుండా, జాగ్రత్తగా దాటుకుని వెళ్లాడు.

సాయంత్రానికి ఏడు కప్పులూ తోడుకున్నాయి. చాకుతో కోస్తే ముక్కలు పడేలా ఉంది గడ్డ. "పూజిత" మూత తీసి అది తను తినేసింది, చిన్నపిల్లదని. మిగతా ఆరు? వాటిని పారబొయ్యడానికి చేతులు రావు. దీపాలు పెట్టాక పాలూ పెరుగూ గడప దాటకూడదు కనుక రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లారాక ఒకటి రూతుకీ, ఐదు ఫ్లాట్లకి ఐదూ ఇచ్చి వచ్చింది. "మా ఇంట్లో ఎక్కువైందండి" అని చెప్పింది అందరికీ. తలుపులు జానెడు తెరుచుకుని, కప్పు లోపలికి వెళ్లాక, థాంక్యూ చెప్పి మూసుకున్నాయి.

రత్నం ఇంటికొచ్చి కూర్చుంది. ఇక వాళ్ల వంతు. రామచంద్రపురంలో గిన్నె పక్కింటికి వెళ్తే ఖాళీగా తిరిగి రాదు. అరిసెలో, గోంగూర పచ్చడో, ఏమీ లేకపోతే అడుగున చిటికెడు పంచదారో వేసుకుని వస్తుంది. తెచ్చిన మనిషి గుమ్మానికి ఆనుకుని పావుగంట నిలబడుతుంది. కూర్చోమంటే "అబ్బే, పొయ్యి మీద పప్పుంది" అని ఇంకో పావుగంట నిలబడుతుంది. అరిసెల మాట అలా ఉంచి, రత్నానికి కావలసింది ఆ పావుగంటే. ఆరు కప్పులు వెళ్లాయి కదా, ఆరు పావుగంటలు రావాలి.

మొదట రూతు వచ్చింది, కప్పులో రెండు జామకాయలు బలవంతాన దూర్చుకుని.

"ఈ పేర్లేంటమ్మగారూ? నా కప్పు మీద ప్రసాదు అని ఉంది. మా ఆయన చూసి, ఈ ప్రసాదెవడే, నీకు పెరుగు పంపుతున్నాడు అని పొద్దున్నుంచీ ఒకటే సాధింపు!"

రత్నం మూడు నెలల్లో మొదటిసారి గట్టిగా నవ్వింది. "మా తమ్ముడే. చెప్పు మీ ఆయనకి, పెళ్లయిందని."

"అయిందని చెప్తే ఇంకా సాధిస్తాడమ్మగారూ" అని రూతు గోడకి ఆనుకోబోయింది. ఇంతలో కింద నుంచి మోటారు వెయ్యమని కేక. వెళ్లిపోయింది. మూడు నిమిషాలు.

రెండో రోజు పొద్దున్న తలుపు తీస్తే గుమ్మం ముందు ఒక కప్పు, ప్లాస్టిక్ కవర్లో. శుభ్రంగా కడిగి ఉంది, తుడిచి ఉంది, ఖాళీగా ఉంది. బెల్లు కొట్టలేదు. పార్సిలు వాళ్లు పెట్టి వెళ్లినట్టే పెట్టి వెళ్లారు. ఇంకోటి వాచ్‌మన్ చేతికిచ్చి పంపారు. మూడోది లిఫ్టులో ఎదురుపడి ఇచ్చారు, లిఫ్టు కిందికి చేరేలోపు. నాలుగోది ఇక రాదని రూతు చెప్పింది. కింద ఫ్లాటు వాళ్లు అందులో పళ్లు తోముకునే బ్రష్షులు పెట్టుకున్నారట. మిగిలింది పక్క ఫ్లాటు హారతికిచ్చిన కప్పు. దాని జాడ లేదు.

ఆవిడ రోజూ ఒక కప్పు పెరుగు తోడు పెట్టుకుంటూనే ఉంది. ఒకరోజు దుర్గ, ఒకరోజు లోవ, ఏ మూత చేతికొస్తే అది. జయపాల్ చెప్పినట్టు మిగతా కప్పుల్లో నీళ్లు పోసి పెట్టేది. చాలని చోట స్టీలు గ్లాసులు. మిషను మంచిదే, ఒక్కరోజు కూడా పులవలేదు. ఆరు కన్నాలు ఎక్కువ, అంతే. మూత తీసి పెట్టినప్పుడల్లా పాలపళ్లు ఊడిన నోరులా ఉండేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం బెల్లు మోగింది. హారతి. ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయి. మెడలో హెడ్‌ఫోన్స్, చేతిలో కప్పు.

"ఆంటీ, సారీ ఆంటీ, ఎప్పుడో ఇవ్వాల్సింది. ఖాళీగా ఇవ్వకూడదే అని మా అమ్మ ఫోన్లో చంపేసింది. నాకేమో వంట రాదు. మా ఆయన వరుణ్ భీమవరంలో కాలేజీ లెక్చరర్ కదా, శని ఆదివారాలే వస్తాడు, వచ్చినప్పుడు తనే వండుతాడు. ఇంట్లో ఇవే ఉన్నాయి." కప్పు నిండా ఓట్స్. "ఇంకో సంగతి ఆంటీ. మూత పోయింది. ఇల్లంతా వెతికాను. భాను అని రాసుంది కదా, మీ బాబు ఏడుస్తాడేమోనని ఇంకా భయమేసింది."

"లోపలికి రామ్మా."

"ఫర్లేదాంటీ, మీటింగుంది." అని అక్కడే గుమ్మానికి ఆనుకుంది. ఆనుకోవడం చూసి రత్నం ఉన్నచోటే నిలబడింది, కదిలితే వెళ్లిపోతుందేమోనని. "నిజం చెప్పనా ఆంటీ? రెండుసార్లు మీ తలుపు దాకా వచ్చి వెళ్లిపోయాను. కప్పుల మీద అన్ని పేర్లు! మేమందరం అనుకున్నాం, మీది పెద్ద ఫ్యామిలీ, ఎప్పుడూ హడావిడిగా ఉంటారు, మధ్యలో మనమెందుకులే అని. ఇంతకీ ఎంతమందాంటీ మీరు?"

ఏడు నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. రత్నం చేతిలోని ఓట్స్ వంక చూసింది. ఎవరూ రాకుండా తలుపుకి అడ్డం నిలబెట్టింది తనేనన్నమాట, ఏడుగురిని వరసగా.

"ఒక్కదాన్నేనమ్మా."

హారతి హెడ్‌ఫోన్స్ వైరు వేలికి చుట్టుకుంది. "మరి భాను?"

"విశాఖపట్నంలో ఉన్నాడు, మా తమ్ముడి కొడుకు. పదో తరగతి. మీగడంటే ప్రాణం."

"లోవ, మురళి, దుర్గ... వాళ్లు?" పెరుగు పంచిన రోజు జానెడు తలుపు సందులోంచే ఈ పిల్ల అందరి కప్పుల మూతలూ చదివిందన్నమాట.

"అందరూ ఉన్నారమ్మా. ఇక్కడ లేరు."

ఆ అమ్మాయి అయ్యో పాపం అనలేదు. అననందుకు రత్నానికి హాయిగానే ఉంది. వేలికి చుట్టిన వైరు విప్పుకుంటూ హారతి అడిగింది. "అయితే మీరూ రోజంతా ఎవరితోనూ మాట్లాడరా?"

"రూతుతో మాట్లాడతాను, మోటారు టైము దాకా. నువ్వో?"

"నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడతానాంటీ, మ్యూట్ తీసి."

మెడలో ఏదో కుయ్‌మంది. మీటింగు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆంటీ, రేపు నాకూ ఓ కప్పు తోడు పెడతారా? ప్యాకెట్ పెరుగు మొహం మొత్తింది."

"పెడతాను. కప్పు తిరిగి తేవాలి మరి."

"ఖాళీగా తెస్తే?"

"తలుపు తియ్యను."

తలుపు వేశాక రత్నం గోడ గడియారం చూసింది. ఆరు నిమిషాలు. ఫ్లాటు మళ్లీ మునుపటిలాగే అయిపోయింది. ఫ్రిజ్ మోత, పక్క సందులో అరటిపళ్ల బండి వాడి కేక, అంతే. ఓట్స్ ఎలా తింటారో తెలియక డబ్బాలో పోసి పెట్టింది.

సాయంత్రం పాలు చల్లార్చి రెండు కప్పుల్లో పోసింది. హరి అని మూత ఉన్నది హారతికి. పేరు లేని కప్పు తనకి. దాని మీద చిన్న స్టీలు పళ్లెం మూత వేసింది. అచ్చంగా సరిపోలేదు, ఓ పక్కకి ఒరిగింది. మిగతా కప్పుల్లో నీళ్లు, బ్రష్షులకి పోయిన కప్పు స్థానంలో స్టీలు గ్లాసు.

మిషను ఎర్రలైటు వెలుగుతుండగా హరిచందన ఫోన్ చేసింది. "ఎలా ఉందత్తా నీ మిషను? సింగిల్ కప్పుది తీసుకోమంటే విన్నావు కాదు."

"బాగానే ఉందే" అంది రత్నం. "ఐదు కన్నాలు ఎక్కువ."